దండ కోసం జొహోర్ వెళ్లినవాడు

నలుగురిలో గొప్పగా చెప్పుకోదగ్గ పదవి నేను ఒక్కటీ చెయ్యలేదు. బడిపంతులుగా మొదలుపెట్టాను, లాయరుగా రిటైరయ్యాను, మధ్యలో కొద్దిరోజులు రాజకీయ నాయకుణ్ని కూడా అయ్యాను. ఆ కొద్దిరోజుల సంగతి ఎవరైనా అడిగితే మాత్రం ఇప్పటికీ నాకు నోరు ఆగదు. "మళ్లీ మొదలుపెట్టారా!" అంటూ మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోతుంది. మీరంతా కుర్రవాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు. తప్పించుకోవడానికి మీకు ఇక్కడ వంటిల్లు లేదు కాబట్టి కూర్చుని వినండి.

మా నాన్న విశాఖ జిల్లా నుంచి ఈ చిన్న ద్వీపదేశానికి వచ్చి, సెంబవాంగ్ నేవల్ బేస్‌లో ఓడలకు రంగులు వేసేవాడు. నేను ఇక్కడే పుట్టాను. ఈ నాలుగు తెలుగు ముక్కలూ ఆయన ఆదివారాలు బెత్తం పట్టుకుని నేర్పినవే. టీచరు ట్రెయినింగ్ పూర్తికాగానే నన్ను వుడ్‌ల్యాండ్స్‌లో కొత్తగా కట్టిన బడికి పంపారు. మీరు రైలు దిగి చల్లటి మాల్‌లోకి నడిచే వుడ్‌ల్యాండ్స్ కాదది. దేశం అక్కడితో అయిపోయేది. దాని తర్వాత వంతెన, వంతెన అవతల మలేషియాలోని జొహోర్. ఇవతల ఎర్రమట్టి, సగం లేచిన ఫ్లాట్లు, పాత పల్లెల నుంచి తెచ్చి కొత్త ఇళ్లలో పెట్టిన కుటుంబాలు. వాన పడితే పిల్లల బూట్లు మట్టి ముద్దలయ్యేవి. గేటు దగ్గర బకెట్ నీళ్లు పెట్టి, కడుక్కున్నాకే లోపలికి రానిచ్చేవాణ్ని. ఊరి మధ్య బళ్లలో పనిచేసే స్నేహితులు కనబడితే "అడవిలో ఉద్యోగం ఎలా ఉందోయ్?" అని వేళాకోళం చేసేవారు. నాకు ఆ అడవి తెగ నచ్చింది.

నేను చెప్పేది ఇంగ్లీషు, దానితో పాటు పౌరశాస్త్రం. ఓటు పాఠం వచ్చిందంటే నాకు పూనకం వచ్చేది. బోర్డు నిండా బ్యాలెట్ కాగితం గీసి, గుర్తు ఎక్కడ పెట్టాలో చూపించి, క్లాసు లీడరును పిల్లల ఓట్లతోనే ఎన్నుకునేలా చేసేవాణ్ని. గొడవలు, అలకలు, రబ్బరు ముక్కలు లంచాలుగా ఇవ్వడాలు, అన్నీ జరిగేవి. హెడ్మాస్టరు వచ్చి కిటికీలోంచి చూసి, తల పట్టుకుని వెళ్లిపోయేవాడు.

సాయంత్రాలు చదివి, మొదటిసారి తప్పి, మొత్తానికి లాయరునయ్యాను. ఒక తమిళ మిత్రుడితో కలిసి చిన్న ఆఫీసు పెట్టాను. ఆయన్ని పార్ట్‌నర్ అనే పిలుస్తాను, ఇప్పటికీ అలాగే. మా దగ్గరికి వచ్చేవన్నీ చిల్లర కేసులు. అంతలో కంప్యూటర్ల హోరు మొదలైంది. ప్రతి విమానంలోనూ తెలుగు ఇంజనీర్లే. ఉద్యోగ ఒప్పందం చదివి పెట్టమని ఒకరు, ఇంటి యజమాని గదిలో వంట చెయ్యనివ్వడం లేదని ఒకరు. మా ఆఫీసు బల్ల మీద కాయితాలకు బదులు ఆవకాయ సీసాలు పేరుకున్నాయి. అలా వచ్చిన ఒక కరీంనగర్ అమ్మాయి మా ఇంట్లోనే ఒక గదిలో అద్దెకు దిగింది. జురాంగ్ ఈస్ట్‌లో ప్రోగ్రామర్. మాట మాత్రం మైకు అక్కర్లేని మాట.

అసలు కథ మా భోజనాల బల్ల దగ్గర మొదలైంది. ఆ రోజు నా మొదటి క్లాసు శిష్యుడు కూడా భోజనానికి వచ్చాడు. వాడూ నేవల్ బేస్ తెలుగు కుటుంబంవాడే, అప్పటికి షిప్‌యార్డులో ఫోర్‌మన్. ఆ అమ్మాయి అన్నం కలుపుతూ అడిగింది.

"అంకుల్, ఈడ ఎలక్షన్లు అస్తున్నయట గదా. పోస్టర్లేవి? మైకులేవి? మా కాడ వార్డు మెంబరు ఎలక్షనుకే ఊరు ఊరంత నిద్రపోదు."

"మన వార్డులో పోటీ ఉండదమ్మా. ఒక్కరే నామినేషన్ వేస్తారు. మధ్యాహ్నానికల్లా గెలిచారని చెప్పేస్తారు."

"మరి ఓటు?"

"ఓటింగ్ ఉండదు."

"ఇప్పటిదాంక మీరెన్నిసార్లు ఓటేసిన్రు?"

నోట్లో ముద్ద ఉంది కాబట్టి కాసేపు బతికిపోయాను. తర్వాత చెప్పక తప్పలేదు. "ఒక్కసారీ లేదు."

ఆ అమ్మాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మీరు ఓటు పాఠం చెప్పిన సార్ గదా అంకుల్!"

ఫోర్‌మన్ పగలబడి నవ్వాడు. మాట చివర ఇక్కడివాళ్ల ఊతపదం ‘లా’ తగిలించడం వాడికి అలవాటు. "ఏటి సార్ ఇది! నాకు నలభై దాటిపోనాది, నేనూ ఎయ్యలేదు లా. నా జన్మలో సూసిన బ్యాలెట్టు మీరు బోర్డు మీద గీసిందొక్కటే."

వాడు నవ్వాడు గాని నాకు ముద్ద దిగలేదు. పాతికేళ్ల పాటు ఎంతమంది పిల్లలకు ఆ పాఠం చెప్పానో! వాళ్లంతా పెద్దవాళ్లయ్యారు, పిల్లల్ని కన్నారు, చేతిలో ఓటు ఉంది, వేసే రోజే రాలేదు. ఎవరి మీదా నాకు కోపం లేదు. రెండోవాడు నిలబడకపోతే మొదటివాడి తప్పేముంది? నా మొహం చూసి మా ఆవిడ, "అంత బాధగా ఉంటే మీరే నిలబడొచ్చు కదండీ!" అని ఎగతాళి చేసింది. ఆవిడ ఎగతాళిని నేను నిజంగా పట్టించుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు పార్ట్‌నర్‌కు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఓడిపోతావు."

"తెలుసు."

"మరెందుకు?"

"ఓటింగ్ జరగాలంటే ఇద్దరు ఉండాలి కదా."

"అంటే, నువ్వు కేవలం ఆ రెండోవాడివి."

"అంతే."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "ఫైలు నేను చూసుకుంటాను. నీకు ఫైళ్లు చేతకావు" అన్నాడు. అంత మంచి మాట ఆయన నాతో మళ్లీ ఎప్పుడూ అనలేదు.

నామినేషన్‌కు నియమం చిన్నదే. నన్ను ప్రతిపాదించేవారొకరు, బలపరిచేవారొకరు, ఒప్పుకుని సంతకం చేసే మరో నలుగురు కావాలి. అందరూ మా వార్డు ఓటర్లే కావాలి, ఆ రోజు అందరూ స్వయంగా రావాలి. పన్నెండు దాటితే తలుపు మూసేస్తారు. ఒక్కరు తగ్గినా నామినేషన్ లేదు, నామినేషన్ లేకపోతే ఓటింగూ లేదు. నేను ఆరుగురినీ ఆ మొదటి క్లాసు నుంచే ఏరుకున్నాను. ప్రతిపాదించేది నూడుల్స్ దుకాణం నడిపే చైనీస్ ఆవిడ. చిన్నప్పుడు క్లాసు లీడరుగా గెలిచింది ఆవిడే, ఆ గర్వం ఇంకా పోలేదు. ఆఖరి సంతకం ఫోర్‌మన్‌ది. ఎందుకైనా మంచిదని ఏడో మనిషిని కూడా పెట్టుకున్నాం, వాడు ఫోర్‌మన్ బావమరిది, బస్సు డ్రైవరు. ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేశానని పార్ట్‌నర్ దగ్గర గొప్పలు కూడా పోయాను.

మా కరీంనగర్ అమ్మాయి ఉత్సాహానికి మాత్రం పగ్గాలు వెయ్యాల్సి వచ్చింది. "నువ్వు ఈ దేశం పౌరురాలివి కాదు. ఎన్నికల పనిలో ఒక్క కరపత్రం పట్టుకున్నా చట్టం ఒప్పుకోదు" అని గట్టిగా చెప్పాను. పాపం, బుద్ధిగా తలూపింది. కరపత్రం ముట్టుకోలేదు. నామినేషన్ ముందురోజు ఫోర్‌మన్ మా ఇంటికి వస్తే, టీ తాగుతూ ఒక్క మాట మాత్రం అంది.

"అన్నా, మా బాపు సర్పంచుకు నిలబడ్డప్పుడు డప్పులు, ట్రాక్టర్లు, మెడనిండ దండలు! అంకులేంది, ఫైలు పట్టుకొని బస్సెక్కి పోతున్నడు. గొంతు దాంక దండ లేకుంటే అది నామినేషన్ ఎట్లయితది?"

ఫోర్‌మన్ ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోతేనే భయపడాలని బళ్లోనే నాకు తెలిసి ఉండాల్సింది.

మర్నాడు ఉదయం నామినేషన్ జరిగే హాలుకు చేరుకున్నాం. అదీ ఒక బడి హాలే. బయట జనం, టీవీ కెమెరాలు, జెండాలు, ఈలలు. నాకు గుండె దడదడలాడుతోంది. పెళ్లికొడుకునై పీటల మీద కూర్చున్నప్పుడు కూడా అంత దడ లేదు. అప్పటి మా వార్డు పార్లమెంటు సభ్యుడు తన మనుషులతో ముందే వచ్చి, కాయితాలు ఇచ్చి, నవ్వుతూ కూర్చున్నాడు. మర్యాదస్థుడు. నా చెయ్యి చెమట పట్టిందని గమనించి, జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చాడు.

పార్ట్‌నర్ ఫైలు తెరిచి తలలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "నీ ఫోర్‌మన్ ఏడి?"

"వస్తాడు. లేకపోతే వాడి బావమరిది ఉన్నాడుగా."

"ఆ బావమరిది ఏడి?"

సరిగ్గా అప్పుడు నా హ్యాండ్‌ఫోన్ మోగింది. ఆ రోజుల్లో అది ఇటుకంత ఉండేది. అవతల హారన్లు, గాలి, వాటి మధ్య ఫోర్‌మన్ గొంతు.

"సార్, భయపడకండి! బ్రిడ్జి మీద ఉన్నాం."

"ఏ బ్రిడ్జి?"

"జొహోర్ బ్రిడ్జి లా సార్. దండ కోసం ఎల్లినాం. పెద్ద దండ! తెల్లారి లేచే ఎల్లినాం గాని, దండ కట్టేవాడు లేటు సేసేసినాడు. ఇప్పుడు మద్దిలో లారీ ఆగిపోనాది. ఒక్క బండీ కదలట్లేదు సార్, సుసా లా, సానా కష్టం!"

"బావమరిది ఎక్కడ?"

"పక్కనే ఉన్నాడు సార్. వాడే కదా కారు నడిపేది!"

వుడ్‌ల్యాండ్స్‌లో ఉండేవాళ్లకు అదొక జబ్బు. పెట్రోలు కావాలన్నా, క్షవరం చేయించుకోవాలన్నా, నోరూరినా, వంతెన దాటేస్తారు. అవతల సగం ధరకే వస్తుందట. ఊరి మధ్య మనవాళ్ల బజారు లిటిల్ ఇండియాలో దండలు లేవా? ఉన్నాయి. కానీ మావాడికి అది దూరం, పరాయి దేశం దగ్గర! పైగా ఒకరు రాకపోతే ఇంకొకరు ఉండాలని నేను పెట్టుకున్న ఇద్దరూ ఒకే కారులో, ఒకే దండ పక్కన ఇరుక్కున్నారు. పార్ట్‌నర్ వైపు చూశాను. ఆయన మళ్లీ కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

ఫోనులో నేను అరిచిన అరుపు టీవీవాళ్లకు కూడా వినబడింది. "దిగి పరిగెత్తరా! కారు వదిలెయ్! పరిగెత్తు!" క్లాసులో కూడా వాణ్ని అంత గట్టిగా కేకెయ్యలేదు.

వాడు ఎప్పటికి చేరతాడో తెలియదు. కాయితంలో పేరు మార్చుకునే వీలుంది, కానీ మా వార్డు ఓటరు ఒకరు దొరకాలి. మా ఆవిడ వైపు ఆశగా చూశాను. "నన్నెందుకలా చూస్తారు? నేను పౌరసత్వం మార్చుకోలేదని మీకు తెలీదా? నా ఓటు రాజమండ్రిలో ఉందండీ!" అంది. గేటు దగ్గరికి పరిగెత్తాను. మా ఫ్లాట్లవాళ్లు చాలామందే వచ్చారు. ఒకాయన, "మా అబ్బాయిది గవర్నమెంట్ ఉద్యోగం మాస్టారూ, దేనికొచ్చిన గొడవ" అన్నాడు. ఇంకొకావిడ తన చెప్పుల వంక చూసుకుంది. నేను చదువు చెప్పిన ఒక కుర్రాడు చప్పట్లు కొట్టడానికైతే సిద్ధం, పేరు రాయమంటే గుంపులో వెనక్కి జరిగాడు. వాళ్లను నేను తప్పుపట్టను. చప్పట్లు కొట్టినవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోరు, సంతకం అలా కాదు. కానీ ఆ క్షణంలో మాత్రం నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

హాల్లోకి తిరిగి వచ్చేసరికి నూడుల్స్ ఆవిడ అధికారి బల్ల ముందు నిలబడి గడియారాన్ని ఉరిమి చూస్తోంది. ఎన్నికల అధికారి మర్యాదగా గొంతు సవరించుకుని, "మీ మనుషులంతా వచ్చారా?" అని అడిగాడు. పార్ట్‌నర్ కోర్టులో ఎప్పుడూ చూపించని వాగ్ధాటితో ఫైలులో ప్రతి కాయితమూ విడివిడిగా, నెమ్మదిగా, వివరంగా అందించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క కాయితానికీ చిన్న ఉపన్యాసం. ఆయన కాలయాపన చేస్తున్నాడని అందరికీ తెలుసు. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదని కూడా అందరికీ తెలుసు.

అప్పుడు బయట ఒక్కసారిగా కేకలు లేచాయి.

తలుపులోంచి ఏదో వస్తోంది. మొదట నాకు పూలు మాత్రమే కనిపించాయి. మోకాళ్ల దాకా వేలాడే బంతిపూల దండ, మధ్యమధ్య గులాబీలు, అడుగున జరీ కుచ్చు. ఆ దండలో మా ఫోర్‌మన్. ముఖం ఎర్రగా కందిపోయింది, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, ఒక కాలికి చెప్పు లేదు. చేతిలో పట్టుకుంటే పరిగెత్తడానికి అడ్డం వస్తోందని దండ మెడలో వేసుకుని వంతెన మొత్తం అలాగే దాటాడు. మోటారుసైకిళ్లవాళ్లు, పెళ్లికొడుకు పారిపోతున్నాడనుకుని ఈలలు వేశారట. చెక్‌పోస్టు అధికారి పాస్‌పోర్టు చూసి "పెళ్లా?" అంటే, "నామినేషన్!" అన్నాడట. టాక్సీ తోలిన ముసలాయనది కూడా మా వార్డే. సంగతి విని, "అయితే నేనూ ఓటేస్తానా?" అని అడిగి, ఆ తర్వాత బ్రేకు మీద కాలు పెట్టలేదట.

ఎన్నికల అధికారి దండను, చెప్పు లేని కాలును చూసి, గుర్తింపు కార్డు అడిగాడు. మావాడు ఊపిరి తీసుకోలేక, క్లాసులో హాజరు పలికినట్టు చెయ్యి పైకెత్తి, "ప్రెజెంట్, సార్!" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. అప్పటి సభ్యుడు కూడా నవ్వాడు. ఇంకో నిమిషం పోతే తలుపు మూసేవాళ్లే. కాసేపటికి మైకులో ప్రకటించారు, మా వార్డులో పోటీ ఉంది, ఓటింగ్ జరుగుతుంది అని.

బాబూ, నేను పరీక్షలు పాసయ్యాను, కేసులు గెలిచాను, ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేశాను. కానీ ఆ ప్రకటన విన్నప్పుడు గేటు దగ్గర లేచిన కేక వంటిది నా చెవులు మళ్లీ వినలేదు. ఇందాక చెప్పుల వంక చూసుకున్నావిడ గంతులు వేస్తోంది. పేరు అడిగితే వెనక్కి జరిగిన కుర్రాడు నన్ను భుజాల మీదికి ఎత్తబోయి, నా బరువు చూసి మానుకున్నాడు. పార్ట్‌నర్ కళ్లు తుడుచుకుంటూ, జోడు మసకేసిందన్నాడు. జోడు అప్పటికి ఆయన చేతిలో ఉంది.

ఆ తర్వాత ప్రచారం. మెట్లు ఎక్కాను, దిగాను, తలుపులు తట్టాను. మీటింగుల్లో జనాన్ని ప్రశ్నలు అడిగి జవాబు కోసం ఆగేవాణ్ని, అలా చెయ్యకూడదట. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? చివరికి చిత్తుగా ఓడిపోయాను. మా ఆవిడ ఆ వారం రోజులూ నాకు ఇష్టమైనవే వండింది, అదొక్కటే నాకు దక్కిన పదవి.

ఓటింగ్ రోజు మధ్యాహ్నం సంగతి చెప్పి ముగిస్తాను. నేను జీవితంలో మొదటిసారి ఓటేసి, నాలుగు అడుగుల అవతల నీడన నిలబడ్డాను. ఫ్లాట్ల కింద పోలింగు కేంద్రం, దాని ముందు పొడుగాటి వరస. ముసలివాళ్లు, షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, ఇస్త్రీ బట్టలు వేసుకుని పండగకు వచ్చినట్టు వచ్చారు. అందులో సగం మందికి అదే మొదటి ఓటు. కళ్లనిండా చూసుకున్నాను.

లోపల్నుంచి ఫోర్‌మన్ బయటికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. నన్ను చూడగానే ఆ వెలుగు కాస్త తగ్గింది. దగ్గరకొచ్చి, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఓటు ఎవరికి వేసిందీ ఎవరికీ చెప్పక్కర్లేదురా" అన్నాను.

"తెలుసు సార్, మీరే కదా నేర్పినారు. కానీ మీకు సెప్పకపోతే నాకు అన్నం దిగదు. మీకు ఎయ్యలేదు సార్."

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. వంతెన మీద చెప్పు జారిపోయినా ఆగనివాడు!

"మా అమ్మకి మోకాళ్ల నొప్పి సార్. పాత బిల్డింగు కదా, మా అంతస్తులో లిఫ్టు ఆగదు, రెండు అంతస్తులు దిగాల. మీటింగులో మిమ్మల్ని అడిగినాను. ‘నేనొక్కణ్ని, మాట ఇవ్వలేను’ అనేసినారు. ఇప్పుడున్న మెంబరు లిఫ్టు మా అంతస్తులో ఆగేలా సేయిస్తానన్నాడు. రాత్రంతా ఆలోసించినాను సార్."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, గొంతు దాకా వచ్చింది. "మరి నా కోసం అంత దూరం ఎందుకు పరిగెత్తావురా?" అని గట్టిగానే అడిగాను. వరసలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

వాడు తల దించుకోలేదు. నా కళ్లలోకి చూశాడు.

"సంతకం మీది సార్, పెట్టినాను. ఓటు నాది."

ఆ ఎండలో, అంతమంది ముందు, వాణ్ని దగ్గరికి లాక్కుని గట్టిగా కౌగిలించుకున్నాను.